ప్లూటో గ్రహం ఎందుకు కాదు, బుధుడు ఎందుకు అవును

గురుడి చుట్టూ తిరిగే గానిమీడ్ వ్యాసం 5,268 కిలోమీటర్లు. బుధుడిది 4,879. అంటే గానిమీడే పెద్దది. అయినా బుధుడు గ్రహం, గానిమీడ్ ఉపగ్రహం. శని చుట్టూ తిరిగే టైటాన్ కూడా బుధుడి కంటే పెద్దదే, పైగా దాని మీద భూమి కంటే దట్టమైన వాతావరణం ఉంది. బుధుడి మీద చెప్పుకోదగ్గ గాలే లేదు. ఇక ప్లూటో మన చందమామ కంటే చిన్నది. అయినా 76 ఏళ్లపాటు తొమ్మిదో గ్రహంగా వెలిగి, 2006లో ఆ హోదా పోగొట్టుకుంది. ఇదంతా చూస్తే ఖగోళ శాస్త్రవేత్తలు తమకు తోచినట్టు పేర్లు పెట్టేశారేమో అనిపిస్తుంది.

మరీ అంత ఇష్టారాజ్యం కాదు గానీ, గందరగోళం మాత్రం నిజమే. గ్రహం, ఉపగ్రహం, మరుగుజ్జు గ్రహం, గ్రహశకలం, తోకచుక్క, ఉల్క... ఈ పేర్లన్నీ ఒకే ప్రశ్నకు జవాబులని మనం అనుకోవడమే అందుకు కారణం. కొత్తగా పరిచయమైన మనిషిని ‘ఎవరి తాలూకు?’ అని అడగడం వేరు, ‘ఏం చేస్తుంటారు?’ అని అడగడం వేరు. ఒకదాని జవాబు పట్టుకుని రెండోది ఊహిస్తే తప్పులో కాలేస్తాం. ఇక్కడా అడగాల్సినవి మూడు: అది ఎవరి చుట్టూ తిరుగుతోంది, దాని బరువెంత, దేనితో తయారైంది. ‘ఉపగ్రహం’ అన్నది మొదటి ప్రశ్నకు జవాబు. ‘మరుగుజ్జు గ్రహం’ రెండోదానికి. ‘తోకచుక్క’ మూడోదానికి. వీటిని విడివిడిగా అడిగితే చిక్కుముడి చాలావరకు దానంతటదే విడిపోతుంది.

ఎవరి చుట్టూ?

ఇది సులువైన ప్రశ్న. నేరుగా సూర్యుడి చుట్టూ తిరిగేవి ఒక వర్గం. అలా తిరిగేవాటి చుట్టూ తిరిగేవి ఉపగ్రహాలు. ఇక్కడ పరిమాణంతో పని లేదు, గుణగణాలతోనూ పని లేదు. గానిమీడ్‌కు సొంత అయస్కాంత క్షేత్రం ఉంది. అలాంటిది శుక్రుడికి కూడా లేదు. అయినా గురుడి పట్టులో ఉంది కాబట్టి ఉపగ్రహమే. శని లెక్కలో 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలు చేరాయి, దాంతో మొత్తం 274 అయ్యాయి. వాటిలో చాలావరకు కొద్ది కిలోమీటర్ల పొడవుండే గడ్డలు. మీథేన్ సరస్సులున్న టైటాన్‌కూ, ఆ గడ్డలకూ మనం వాడే మాట ఒక్కటే.

పైగా ఈ పేరు పుట్టుకతో వచ్చేది కూడా కాదు. నెప్ట్యూన్ పెద్ద ఉపగ్రహం ట్రైటన్ సంగతే చూడండి. నెప్ట్యూన్ తన చుట్టూ తాను ఏ దిశలో తిరుగుతుందో, ట్రైటన్ దానికి సరిగ్గా ఎదురు దిశలో చుట్టూ తిరుగుతుంది. గ్రహంతో పాటే పుట్టిన ఉపగ్రహం అలా తిరగడం కుదరదు. ఒకప్పుడు అది ప్లూటో లాగే సొంతంగా సూర్యుడి చుట్టూ తిరుగుతూ, నెప్ట్యూన్‌కు మరీ దగ్గరగా వచ్చి చిక్కుకుపోయిందని శాస్త్రవేత్తల అంచనా. ట్రైటన్ ప్లూటో కంటే కాస్త పెద్దది, రెండింటి సరుకూ ఇంచుమించు ఒకటే. చిక్కుకోకపోయి ఉంటే ఇవాళ దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో అందరికంటే ముందు చెప్పుకునేవాళ్లం.

ప్లూటో, దాని ఉపగ్రహం కేరన్ మధ్య ఇంకో రకం తిరకాసు ఉంది. నిజానికి ఏ రెండు వస్తువులైనా ఒకదాని చుట్టూ ఒకటి తిరగవు, రెండూ కలిసి తమ ఉమ్మడి బరువు కేంద్రం చుట్టూ తిరుగుతాయి. భూమి, చందమామల విషయంలో ఆ కేంద్రం భూమి లోపలే ఉంది కాబట్టి పేచీ లేదు. కేరన్ మాత్రం ప్లూటోలో సగం వెడల్పు ఉంటుంది. వాటి ఉమ్మడి కేంద్రం ప్లూటో బయట, రెండింటి మధ్య ఖాళీలో పడుతుంది. అందుకే కొందరు దీన్ని జంట గ్రహం అనాలంటారు. ఆ లెక్కన గురుడిని కూడా సూర్యుడికి జంట అనాలి, ఎందుకంటే ఆ ఇద్దరి ఉమ్మడి కేంద్రం కూడా సూర్యుడి ఉపరితలానికి కాస్త బయటే ఉంటుంది. అలా ఎవరూ అనడం లేదు.

గుండ్రంగా ఉండటం ఎందుకంత ముఖ్యం?

ఇక బరువు సంగతి. బరువు అంటే త్రాసు పెట్టి తూచడం కాదు, తన గురుత్వాకర్షణతో ఆ వస్తువు ఏం చేయగలుగుతోందన్నదే అసలు విషయం. ముందు తనను తాను ఏం చేసుకోగలదో చూద్దాం.

చిన్న రాయి ఏ ఆకారంలో విరిగితే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. దాని సొంత ఆకర్షణ, రాయి గట్టిదనం ముందు లెక్కలోకి రాదు. వస్తువు పెరిగేకొద్దీ ఆకర్షణ పెరుగుతుంది గానీ రాయి గట్టిదనం పెరగదు. ఒక దశ దాటాక ఎత్తుగా నిలబడ్డ భాగాలు తమ బరువుకే కుంగిపోతాయి, లోతుగా ఉన్నచోటికి పదార్థం జారుతుంది. అన్ని వైపుల నుంచీ కేంద్రానికి సమానంగా దగ్గరైతే వచ్చే ఆకారం గోళం. అంగారకుడి మీద ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం దాదాపు 22 కిలోమీటర్ల ఎత్తుంది. అక్కడి ఆకర్షణ మన దగ్గరున్నదానిలో 38 శాతమే కాబట్టి అంత ఎత్తు నిలబడగలిగింది. భూమి మీద అంతటి కొండ కుంగిపోతుంది.

ఎంత పెద్దదైతే గుండ్రంగా మారుతుంది? దీనికి ఒకే గీత గీయలేం. మంచు రాయి కంటే మెత్తన కాబట్టి మంచు గోళాలు తొందరగా గుండ్రమవుతాయి. శని ఉపగ్రహం మైమస్ 400 కిలోమీటర్లు కూడా లేదు, అయినా గుండ్రంగానే ఉంది. నెప్ట్యూన్ ఉపగ్రహం ప్రోటియస్ అంతకంటే కాస్త పెద్దది, కానీ మొరటుగా, మూలలు తేలి ఉంటుంది. రాతి గ్రహశకలం వెస్టా వ్యాసం సుమారు 525 కిలోమీటర్లు. ఒకప్పుడు అది గుండ్రంగానే ఉండి ఉంటుంది. తర్వాత ఏదో పెద్దది దాని దక్షిణ ధ్రువాన్ని ఢీకొట్టింది. 2011లో అక్కడికి చేరిన డాన్ నౌక తీసిన ఫొటోల్లో ఆ గుంట దాదాపు వెస్టా అంత వెడల్పు, 500 కిలోమీటర్లు ఉంది. అప్పటికి వెస్టా లోపల చల్లబడి గట్టిపడిపోవడంతో మళ్లీ సర్దుకుని గుండ్రంగా మారలేకపోయింది. అంటే గుండ్రంగా ఉండాలంటే బరువొక్కటే చాలదు, లోపలి వేడీ, పుట్టాక తగిలిన దెబ్బలూ లెక్కలోకి వస్తాయి. హౌమియా అనే మరుగుజ్జు గ్రహానికి ఈ బెడద వేరే రూపంలో వచ్చింది. నాలుగు గంటల్లోపే తన చుట్టూ తాను ఒకసారి తిరిగేస్తుంది కాబట్టి నడుము దగ్గర సాగిపోయి కోలగా తయారైంది.

గుండ్రంగా మారడం ఆకారం గొడవ మాత్రమే కాదు. లోపల కరిగి, బరువైన ఇనుము కిందకీ తేలికైన రాయి పైకీ విడిపోయిన గోళంలో అగ్నిపర్వతాలూ, మంచు కింద సముద్రాలూ, అయస్కాంత క్షేత్రాలూ సాధ్యమవుతాయి. గ్రహాల భూగర్భాన్ని చదివేవాళ్లకు అసలు గీత ఇక్కడే ఉంది. వాళ్లలో చాలామందికి ప్లూటో ఇప్పటికీ గ్రహమే. న్యూ హొరైజన్స్ నౌకను నడిపిన అలన్ స్టెర్న్ ఈ వాదన గట్టిగా వినిపించేవాళ్లలో ఒకరు. 2015 జూలై 14న ఆ నౌక తీసిన ఫొటోలు చూస్తే ఆయన బాధ అర్థమవుతుంది. నీటి మంచుతో ఏర్పడ్డ కొండలు 3,500 మీటర్ల దాకా లేచి ఉన్నాయి. వాటి పక్కనే వెయ్యి కిలోమీటర్ల వెడల్పున నైట్రోజన్ మంచు మైదానం ఉంది. దాని మీద ఒక్క ఉల్కా గుంట కూడా లేదు, అంటే ఆ మంచు లోపలి నుంచి కదులుతూ తన ముఖాన్ని తానే మార్చుకుంటోంది. చచ్చిన రాయి చేసే పని కాదది.

దారి ఎవరిది?

మరి అలాంటి ప్లూటోను ఎందుకు తీసేశారు? ఇది అర్థం కావాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఇదే కథ అంతకుముందు ఒకసారి జరిగింది.

1801 జనవరి 1న ఇటలీలోని పాలెర్మోలో జ్యూసెప్పె పియాజ్జీ అంగారకుడికీ గురుడికీ మధ్య ఒక కొత్త వస్తువును చూశాడు. దాని పేరు సెరెస్. ఆ ఖాళీలో ఒక గ్రహం ఉండాలని అప్పటికే చాలామంది నమ్ముతున్నారు కాబట్టి సెరెస్‌ను వెంటనే గ్రహాల్లో కలిపేశారు. కానీ 1802లో అదే ప్రాంతంలో పాలస్ దొరికింది, 1804లో జూనో, 1807లో వెస్టా. వాటినీ గ్రహాలే అన్నారు. 1845 నుంచి ఇలాంటివి వరసపెట్టి బయటపడసాగాయి. గ్రహాల పట్టిక చాంతాడంత కావడంతో శాస్త్రవేత్తలు మెల్లగా వీటన్నిటినీ గ్రహశకలాలని వేరే చిట్టాలోకి మార్చారు. ఓటింగ్ లేదు, వార్తల్లో రచ్చ లేదు. సెరెస్ కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకున్న దాఖలా లేదు.

ప్లూటోది ఇదే దారి, కాకపోతే నెమ్మదిగా నడిచింది. 1930లో క్లైడ్ టాంబా దాన్ని కనిపెట్టినప్పుడు అది ఇంచుమించు భూమి అంత బరువుంటుందని అనుకున్నారు. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ అంచనా తగ్గుతూ వచ్చింది. 1978లో కేరన్ దొరికాక బరువు కచ్చితంగా తేలింది: భూమి బరువులో 0.2 శాతం. 1992లో డేవిడ్ జూయిట్, జేన్ లూ ప్లూటోకు అవతల మరో చిన్న వస్తువును పట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ వందలకొద్దీ బయటపడ్డాయి. ఆ ప్రాంతాన్నే కైపర్ బెల్ట్ అంటున్నాం. చివరికి 2005లో మైక్ బ్రౌన్ బృందం ఎరిస్‌ను ప్రకటించింది. అది ప్లూటో కంటే పెద్దదని అప్పట్లో లెక్కకట్టారు. వెడల్పులో కాస్త చిన్నదేనని తర్వాత తేలింది గానీ, బరువులో మాత్రం ఎరిస్ 27 శాతం ఎక్కువ. ప్లూటో గ్రహమైతే ఎరిస్ ఎందుకు కాదు? దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

2006 ఆగస్టులో ప్రేగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశమైంది. మొదట వచ్చిన ముసాయిదా గుండ్రటివన్నీ గ్రహాలే అంది. దాని ప్రకారం సెరెస్, కేరన్, ఎరిస్ కలిసి గ్రహాల సంఖ్య వెంటనే 12 అయ్యేది. అది సాగలేదు. ఆగస్టు 24న నాలుగు వందల పైచిలుకు మంది ఓటేసి మూడు షరతులు ఖాయం చేశారు: సూర్యుడి చుట్టూ తిరగాలి, తన ఆకర్షణతో తాను గుండ్రంగా మారి ఉండాలి, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసి ఉండాలి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే మరుగుజ్జు గ్రహం. ఆ పట్టికలో ఇప్పుడు అధికారికంగా ఐదున్నాయి: సెరెస్, ప్లూటో, హౌమియా, మకేమకే, ఎరిస్.

ఈ మూడో షరతు దగ్గరే అందరూ తగువులాడేది. గురుడికి ముందూ వెనకా, అదే కక్ష్యలో వేలకొద్దీ ట్రోజన్ శకలాలు తిరుగుతున్నాయి. మరి గురుడు దారి ఖాళీ చేసినట్టేనా? 1979 నుంచి 1999 దాకా ప్లూటో నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉంది. మరి నెప్ట్యూన్ సంగతేమిటి? పైకి ఇవి గట్టి ప్రశ్నల్లాగే కనిపిస్తాయి.

‘ఖాళీ చేయడం’ అన్న మాటే సరిగ్గా కుదరలేదని నా అభిప్రాయం, దాని వెనకున్న ఆలోచన మాత్రం పటిష్ఠమైనదే. ఆ దారిలో ఎవరి మాట చెల్లుతుందన్నదే అసలు ప్రశ్న. ట్రోజన్లు గురుడికి 60 డిగ్రీల ముందు, 60 డిగ్రీల వెనక గుంపులుగా ఉన్నాయంటే, గురుడి ఆకర్షణా సూర్యుడి ఆకర్షణా కలిసి వాటిని అక్కడ కట్టిపడేశాయి. నెప్ట్యూన్ సూర్యుడి చుట్టూ మూడుసార్లు తిరిగేసరికి ప్లూటో సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. ఈ తాళం నెప్ట్యూన్ వేసింది, ప్లూటో దానికి తగ్గట్టు అడుగులేస్తోంది. అందువల్లే కక్ష్యలు ఒకదాన్ని ఒకటి దాటినట్టు కనిపించినా ఆ రెండూ ఎప్పటికీ ఢీకొనవు. తమాషా ఏమిటంటే, ప్లూటో నెప్ట్యూన్ కంటే యురేనస్‌కే ఎక్కువ దగ్గరగా రాగలదు.

దీన్ని అంకెల్లో చూస్తే వాదించడానికి పెద్దగా మిగలదు. ఖగోళ శాస్త్రవేత్త స్టీవెన్ సోటర్ 2006లో ఒక లెక్క వేశాడు: ఒక్కో గ్రహం బరువును, దాని దారిలో తిరిగే మిగతా చిల్లర మొత్తం బరువుతో పోల్చాడు. భూమి 17 లక్షల రెట్లు ఎక్కువ. ఎనిమిదింటిలో అన్నిటికంటే బలహీనంగా తేలిన అంగారకుడు కూడా 5,100 రెట్లు ఎక్కువ. సెరెస్ దగ్గరకు వస్తే ఆ అంకె 0.33, ప్లూటోకు 0.1 కూడా లేదు. ఐదు వేలకూ సున్నా పాయింట్ మూడుకూ మధ్య ఒక్కటీ లేదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అని ఈ గీత గీయలేదు, అక్కడ నిజంగానే పెద్ద అగాధం ఉంది. గుండ్రటిదనంలో అలాంటి స్పష్టమైన విభజన లేదని మైమస్, ప్రోటియస్ దగ్గర చూశాం. అయితే సోటర్ లెక్క చెప్పేది సౌరకుటుంబంలో ఎవరి పలుకుబడి ఎంతో మాత్రమే. ప్లూటో ఎంత ఆసక్తికరమైన లోకమో అది చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఎనిమిదిలో మళ్లీ రెండు వర్గాలు

గ్రహాల పట్టికలో మిగిలిన ఎనిమిదీ ఒకదానితో ఒకటి పోలుతాయా అంటే, అదీ లేదు. బుధ, శుక్ర, భూమి, అంగారకులు నాలుగూ కలిపి తూచినా భూమికి రెండింతలు మించవు. గురుడు ఒక్కడే 318 భూముల బరువు. మిగతా ఏడు గ్రహాల మొత్తం బరువుకు అది రెండున్నర రెట్లు.

ఈ తేడా పుట్టినచోటుతో వచ్చింది. సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట, కొత్తగా వెలుగుతున్న సూర్యుడి చుట్టూ వాయువు, దుమ్ము కలిసిన పళ్లెం తిరుగుతుండేది. సూర్యుడికి దగ్గర్లోని వేడికి నీరు ఆవిరిగానే ఉండిపోయింది, గట్టిపడగలిగినవి రాయీ లోహమూ మాత్రమే. ఆ పళ్లెంలో అవి చాలా తక్కువ. అందుకే లోపలి నాలుగూ చిన్నవిగా, గట్టిగా పుట్టాయి. భూమికీ సూర్యుడికీ మధ్యనున్న దూరానికి మూడు రెట్ల దరిదాపుల్లో ఒక హద్దు ఉంది. దానికి అవతల నీరు మంచురేణువులుగా మారగలదు. గ్రహం కట్టడానికి అక్కడ సరుకు ఒక్కసారిగా పెరిగింది. ఆ సరుకుతో పది భూముల బరువు దాకా పెరిగిన ముద్దలు చుట్టూ ఉన్న హైడ్రోజన్, హీలియంలను కూడా లాక్కోగలిగాయి. గురుడు, శని అలా ఉబ్బిపోయాయి. యురేనస్, నెప్ట్యూన్ అంత త్వరగా పెరగలేదు. వాటి ముద్దలు సిద్ధమయ్యేసరికి పళ్లెంలో వాయువు చాలావరకు చెదిరిపోయింది. అందుకే అవి 14.5, 17 భూముల బరువు దగ్గర ఆగిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం నీరు, అమ్మోనియా, మీథేన్. వాటిని మంచు దిగ్గజాలంటారు గానీ, లోపల ఉన్నది మంచు కాదు, విపరీతమైన ఒత్తిడిలో వేడెక్కిన చిక్కటి ద్రవం.

గురుడి మీద కాలు పెట్టడానికి నేల లేదు. 1995 డిసెంబర్ 7న గెలీలియో నౌక వదిలిన పరిశోధక యంత్రం ఆ మేఘాల్లోకి దూకింది. దిగేకొద్దీ ఒత్తిడీ వేడీ పెరిగాయే తప్ప అడుగు తగల్లేదు. భూమి మీదున్న గాలి ఒత్తిడికి 20 రెట్లు దాటాక, దాదాపు గంట సేపు సమాచారం పంపి అది మూగబోయింది. ఆ తర్వాత కరిగి, ఆవిరై, గురుడిలోనే కలిసిపోయి ఉంటుంది.

లోపలి రాతి గ్రహాల మధ్య తేడాలకు మాత్రం గాలే ముఖ్య కారణం. శుక్రుడు పరిమాణంలో భూమికి దాదాపు కవల, బరువు భూమిలో 81 శాతం. కానీ దాని వాతావరణంలో 96 శాతం కార్బన్ డయాక్సైడే. నేల దగ్గర ఒత్తిడి మన దగ్గరకంటే 92 రెట్లు, వేడి 465 డిగ్రీల సెల్సియస్. సూర్యుడికి అంతకంటే చాలా దగ్గరున్న బుధుడి మీద మధ్యాహ్నం కూడా 430 డిగ్రీలే, రాత్రయితే మైనస్ 180కి పడిపోతుంది. అంటే దూరం చూసి వేడి చెప్పేయలేం. 1982లో శుక్రుడి మీద దిగిన సోవియట్ నౌక వెనెరా 13 పనిచేసింది 127 నిమిషాలు. 32 నిమిషాలు నిలిస్తే చాలనుకుని తయారుచేసిన యంత్రానికి అది ఘనకార్యమే.

శకలం, తోకచుక్క: తేడా ఎక్కడ?

చిన్నవాటి దగ్గరికి వచ్చేసరికి మూడో ప్రశ్న ముందుకొస్తుంది, అంటే దేనితో తయారైంది అన్నది. స్థూలంగా చెప్పుకునేదేమిటంటే, రాయీ లోహమూ అయితే గ్రహశకలం, మంచూ దుమ్మూ అయితే తోకచుక్క. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు మంచు నేరుగా ఆవిరై, దుమ్మును వెంటేసుకుని బయటికి చిమ్ముతుంది. సూర్యుడి నుంచి వచ్చే కాంతీ, సౌరపవనమూ (అక్కడి నుంచి వీచే విద్యుత్ కణాల ధార) దాన్ని నెట్టడంతో తోక ఏర్పడుతుంది. తోక ఎప్పుడూ సూర్యుడికి వ్యతిరేక దిశలోనే ఉంటుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో తోకచుక్క తన తోక వెనకే నడుస్తుంది. హాలీ తోకచుక్క 1986లో వచ్చి వెళ్లింది, మళ్లీ 2061లో వస్తుంది. ఈ మధ్యకాలమంతా దానికి తోకే లేదు, దూరాన చీకట్లో ఓ నల్లటి గడ్డ, అంతే.

గ్రహశకలాల పట్టీ అనగానే రాళ్లు కిక్కిరిసి దొర్లుతున్న దృశ్యం చాలామంది ఊహిస్తారు. సినిమాల పుణ్యం. నిజానికి ఆ పట్టీ మొత్తాన్ని పోగేసినా చందమామ బరువులో మూడు శాతం దాకానే ఉంటుంది, అందులో మూడో వంతుకు పైగా సెరెస్ ఒక్కటే. చెప్పుకోదగ్గ సైజున్న రెండు శకలాల మధ్య దూరం సగటున లక్షల కిలోమీటర్లు. 1972లో పయనీర్ 10 ఆ పట్టీలోకి అడుగుపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నో నౌకలు దాన్ని దాటాయి, ఒక్కటీ దేన్నీ గుద్దుకోలేదు.

దగ్గరగా వెళ్లి చూస్తే శకలాలు కూడా మనం అనుకున్నట్టు లేవు. సుమారు 500 మీటర్ల వెడల్పున్న బెన్ను దగ్గరికి నాసా పంపిన ఒసైరిస్-రెక్స్ 2020 అక్టోబర్ 20న నమూనా కోసం చేయి చాపి నేలను తాకింది. గట్టి నేల ఉంటుందనుకుంటే, ఆ చేయి అర మీటరు లోతుకు దిగబడిపోయింది. వెంటనే ఇంజిన్లు పేల్చి పైకి లేవకపోతే నౌక ఇంకా లోపలికి కూరుకుపోయేదే. బెన్ను ఒకే బండ కాదు, ఎప్పుడో పగిలిన పెద్ద శకలం తాలూకు రాళ్లూ రప్పలూ సన్నటి ఆకర్షణతో ఒకచోట పోగుపడ్డ కుప్ప. చేతికి దొరికిన రాళ్లు పెట్టె మూతకు అడ్డుపడి కొంత నమూనా అంతరిక్షంలోకి కారిపోయింది కూడా. అయినా 2023 సెప్టెంబర్‌లో 121.6 గ్రాములు భూమికి చేరాయి. వాటిలో నీటితో కలిసి ఏర్పడ్డ ఖనిజాలు, లవణాలు, అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. రాతిముక్క అని పేరు పెట్టుకున్నదాని ఒంటి నిండా పాత నీటి ఆనవాళ్లే.

దీన్నిబట్టి రాయికీ మంచుకీ మధ్య గోడ లేదని అర్థమవుతుంది. 1977లో శని, యురేనస్‌ల మధ్య కనిపించిన కైరన్‌కు గ్రహశకలంగా 2060 అన్న వరస సంఖ్య ఇచ్చారు. 1980ల చివర్లో అది ఉన్నట్టుండి కాంతివంతమై, చుట్టూ ధూళి మబ్బు కమ్ముకుంది. దాంతో తోకచుక్కల చిట్టాలో 95పీ అని ఇంకో సంఖ్య చేరింది. ఇప్పటికీ రెండు చిట్టాల్లోనూ దాని పేరుంది. ఫేథాన్‌ది దీనికి తలకిందులు కథ. ఏటా డిసెంబర్‌లో జెమినిడ్ ఉల్కలు రాలుతాయి. సాధారణంగా ఇలాంటి ఉల్కాపాతాలు తోకచుక్క వదిలిన దుమ్ము వల్ల వస్తాయి, కానీ జెమినిడ్ల వెనక ఉన్నది ఫేథాన్ అనే రాతి శకలం. అది బుధుడి కంటే సూర్యుడికి ఎంతో దగ్గరగా వెళ్లి వస్తుంది.

ఉల్కల గురించి రెండు ముక్కలు చాలు. ఉల్క వేరే జాతి కాదు, అది సంఘటన పేరు. తోకచుక్క దుమ్మయినా, శకలం ముక్కయినా, మన వాతావరణంలోకి దూసుకొచ్చి మండితే ఉల్క. ఎక్కువ భాగం ఇసుక రేణువులంతే ఉంటాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలింది మాత్రం సుమారు 20 మీటర్లది. కిటికీ అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. నేలకు చేరిన ముక్కలను ఉల్కాశిలలు అంటాం. వాటిలో కొన్ని చందమామ నుంచి, అంగారకుడి నుంచి ఎగిరిపడినవి కూడా ఉన్నాయి.

ఎవరి చుట్టూ తిరగని అతిథులు

2017 అక్టోబర్‌లో హవాయి నుంచి పనిచేసే పాన్-స్టార్స్ టెలిస్కోపుకు చిక్కిన వస్తువు మొదటి ప్రశ్ననే దెబ్బతీసింది. దాని వేగం చూస్తే అది సూర్యుడి చుట్టూ తిరగడం లేదు, వేరే నక్షత్రాల మధ్య నుంచి వచ్చి, ఇటు ఓ వంపు తిరిగి వెళ్లిపోతోంది. మొదట తోకచుక్కని ‘సీ’ అక్షరంతో నమోదు చేశారు. తోక లేదని తేలాక శకలమని ‘ఏ’ అక్షరం పెట్టారు. చివరికి ఏదీ కుదరక ‘ఐ’ అని కొత్త వర్గమే మొదలుపెట్టి, ఔమువామువా అని పేరు పెట్టారు. అక్కడితో అయిపోలేదు. సూర్యుడి ఆకర్షణతో లెక్కకు వచ్చేదానికంటే అది కాస్త ఎక్కువ వేగం పుంజుకుందని కనిపెట్టారు. ఆవిరి చిమ్మే తోకచుక్కలకు ఉండే లక్షణమది. 2019లో వచ్చిన బోరిసోవ్, 2025లో వచ్చిన అట్లాస్ ఈ ఇబ్బంది పెట్టలేదు, రెండూ చూడగానే తోకచుక్కలని తెలిసిపోయాయి.

ప్రేగ్ నిర్వచనం ‘సూర్యుడి చుట్టూ’ అనే అంది కాబట్టి, ఇతర నక్షత్రాల చుట్టూ ఇప్పటిదాకా ఖాయమైన 6,000కు పైగా గ్రహాలు దాని పరిధిలోకే రావు. వాటికి ఖగోళ సమాఖ్య వేరుగా పని నడిచే నిర్వచనం పెట్టుకుంది. పైహద్దు 13 గురుగ్రహాల బరువు. అది దాటితే లోపల డ్యుటీరియం (బరువైన రకం హైడ్రోజన్) మండటం మొదలవుతుంది, అలాంటి వస్తువును గోధుమ మరుగుజ్జు అంటారు. కింది హద్దు దగ్గరే చిక్కంతా. అంత దూరంలో ఉన్నది గుండ్రంగా ఉందో లేదో, దాని దారిలో ఇంకేం తిరుగుతున్నాయో మన టెలిస్కోపులకు కనపడదు. చాలాసార్లు కొలవగలిగేది బరువొక్కటే. అందుకని 2024లో జాన్-లూక్ మార్గో, బ్రెట్ గ్లాడ్‌మన్, టోనీ యాంగ్ ఆకారం, దారి రెండింటినీ పక్కనపెట్టి బరువు మీదే ఆధారపడే నిర్వచనం ప్రతిపాదించారు. నక్షత్రం చుట్టూ తిరుగుతూ, ఒకటి పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కిలోల కంటే బరువున్నది, 13 గురుగ్రహాల కంటే తక్కువున్నది గ్రహం. బుధుడు ఆ కింది హద్దుకు మూడు రెట్లకు పైగా బరువు కాబట్టి నిశ్చింతగా దాటుతాడు. ప్లూటో తూగేది ఆ కింది హద్దులో ఎనిమిదో వంతు.